అప్పులున్న ఇంటిలో దశమభాగం, పొదుపు, హామీ సంతకం

గాజువాక నుంచి ఒక సోదరి తమ ఇంటి లెక్కలన్నీ దాచుకోకుండా రాసి సలహా అడిగారు. భర్త అచ్యుతాపురం సెజ్‌లోని ఒక కంపెనీలో షిఫ్టు ఉద్యోగి; కోతలు పోను చేతికి వచ్చేది 24,000 రూపాయలు. ఆమె ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు, జీతం 14,000. ఇద్దరు పిల్లలు. క్రెడిట్ కార్డు మీద 46,000 బాకీ, ఆడపడుచు పెళ్ళికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష, బ్యాంకులో నగలు కుదువపెట్టి తీసుకున్న 80,000, ఇంకా ఎనిమిది నెలలు కట్టవలసిన బండి వాయిదా ఉన్నాయి. ఇరవై నెలల చీటీలో పద్నాలుగు నెలలు కట్టారు, ఇంకా పాడుకోలేదు. మందిర నిర్మాణానికి 25,000 ఇస్తామని సంఘంలో మాట ఇచ్చారు. అత్తగారు శ్రీకాకుళం జిల్లాలోని సొంత ఊళ్ళో ఉంటారు, ఆమె మందుల ఖర్చు వీరిదే. ఆమె అడిగినవి మూడు ప్రశ్నలు: అప్పులు తీరేదాకా దశమభాగం తగ్గించడం మలాకీ ప్రవక్త చెప్పినట్టు దేవుని దగ్గర దొంగిలించడమే అవుతుందా? "రేపటినిగూర్చి చింతింపకుడి" అని ప్రభువు చెప్పగా పొదుపు, బీమా అవిశ్వాసం కావా? ఆటో కొనుక్కుంటానంటున్న మరిదికి భర్త హామీ సంతకం పెట్టవచ్చునా? ఈ మాటలు ఇంట్లో ఎత్తితే తనకు విశ్వాసం తక్కువని భర్త అనుకుంటారేమోనన్న భయం కూడా ఆమె ఉత్తరంలో ఉంది.

సోదరీ, ముందుగా ఆ భయం గురించే చెబుతాను. లూకా 14వ అధ్యాయంలో ప్రభువు గోపురం కట్టదలచినవాని సంగతి చెబుతూ, వాడు మొదట కూర్చుండి, పని ముగించడానికి కావలసినది తన దగ్గర ఉందో లేదో లెక్క చూసుకోడా అని అడిగారు. ఆ మాట ఆయన చెప్పినది శిష్యత్వపు ఖరీదు గురించే అయినా, లెక్క చూసుకోనివాడు బుద్ధిమంతుడు కాడన్నది వినేవారందరూ ఒప్పుకునే సంగతి కనుకనే దానిని ఉదాహరణగా తీసుకున్నారు. కాబట్టి లెక్క అడిగిన భార్యకు విశ్వాసం తక్కువ అనడానికి లేఖనంలో ఆధారం లేదు. మనం పదవ వంతు దేవునిదని, మిగిలిన తొమ్మిది వంతులు మనవని అనుకుంటూ ఉంటాము. నిజానికి పది వంతులూ ఆయనవే, మనం గృహనిర్వాహకులం. ఆ తొమ్మిది వంతులు ఎటు పోతున్నాయో తెలియని ఇంట్లో పదవ వంతు మాత్రం ఠంచనుగా చెల్లుతుంటే అక్కడ నమ్మకత్వం ఇంకా సగంలోనే ఉందని నా అభిప్రాయం. బ్యాంకు ఉద్యోగంలో ఉన్న కాలంలోను, మా సంఘానికి కోశాధికారిగా పనిచేసిన కాలంలోను ఎన్నో ఇళ్ళ లెక్కలు చూశాను. విశాఖలో జీతం తక్కువై చితికిన ఇళ్ళకంటే, భార్యాభర్తలు ఒకచోట కూర్చుని లెక్క చూడక చితికిన ఇళ్ళే నాకు ఎక్కువగా కనిపించాయి.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. కరెంటుతో కలిపి అద్దె 9,000, కిరాణా, పాలు, కూరలు, గ్యాసు 10,000, బండి వాయిదా 3,200, చీటీ 2,500, పెళ్ళికి తెచ్చిన లక్ష చేబదులుకు వడ్డీ 2,000, కార్డుకు కట్టే కనీస మొత్తం 2,300, దశమభాగం 3,800, పిల్లల ఫీజులు, బస్సు 4,000, అత్తగారి మందులు 1,500, పెట్రోలు, ఫోన్లు 2,500. మొత్తం 40,800. నగల అప్పు వడ్డీ ఏడాదికోసారి బోనస్‌తో కడుతున్నారు కనుక అది ఇందులో లేదు. మీ ఇద్దరి రాబడి 38,000. అంటే నెలనెలా 2,800 తక్కువ పడుతోంది, ఆ తక్కువ మీకు తెలియకుండా కార్డులోకి వెళ్ళి కూర్చుంటోంది.

కార్డు స్టేట్‌మెంటును ఒకసారి పక్కన పెట్టుకుని చూడండి. నెలకు మూడున్నర శాతం చొప్పున 46,000 మీద వడ్డీ 1,610 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 290. మీరు కట్టే 2,300లో 1,900 అలా పోగా, అసలుకు జమ అయ్యేది 400 మాత్రమే. అదే నెలలో 2,800 కొత్తగా గీస్తున్నారు. ఈ లెక్కన మీరు ఎంత క్రమం తప్పకుండా కట్టినా బాకీ నెలకు 2,400 చొప్పున పెరుగుతూనే ఉంటుంది. రెండు రూపాయల వడ్డీ అంటే మనవాళ్ళు ఉలిక్కిపడతారు. అది ఏడాదికి 24 శాతం. కార్డు వడ్డీ ఏడాదికి 42 శాతం, పన్ను అదనం. ఎవరూ ఇంటికి వచ్చి అడగరు కనుక దానిని అప్పుగా లెక్కపెట్టము. "అప్పు చేయువాడు అప్పిచ్చినవానికి దాసుడు" అని సామెతలు 22వ అధ్యాయం చెబుతుంది. అప్పిచ్చినవాడు కంటికి కనిపించనంత మాత్రాన దాసత్వం తగ్గదు.

అందువల్ల మొదటి పని, ఈ రోజు నుంచి కార్డు వాడకం పూర్తిగా ఆపడం. ఫోనులోని యాప్‌లలో దాచి ఉంచిన కార్డు వివరాలను కూడా తొలగించండి. రెండవ పని, వచ్చే పాటలో చీటీ ఎత్తుకోవడం. సాధారణంగా చీటీని చివరిదాకా ఉంచుకున్నవారికే లాభమని నేను కూడా చెబుతాను. కాని ఇంకా ఆరు నెలలే మిగిలిన చీటీలో పాట నాలుగు వేల దగ్గర ఆగితే మీ చేతికి 46,000 వస్తుంది, దానితో కార్డు మొత్తం మూసివేయవచ్చు. ఒకేసారి పోయే నాలుగు వేలకోసం నెలకు 1,900 కట్టుకుంటూ కూర్చోవడం తెలివైన పని కాదు. ఇంకొక మాట కూడా చెప్పాలి. మీరు కడుతున్నది ఇరుగుపొరుగువారు నడిపే, రిజిస్టరు కాని చీటీ. నడిపే మనిషి ఎంత మంచివారైనా, వారికి కష్టం వచ్చినరోజున మీ డబ్బుకు కాగితం బలం ఉండదు. ఈ చీటీ ముగిశాక మరొకటి వేయదలిస్తే 1982 చిట్‌ఫండ్ల చట్టం కింద రిజిస్టరు అయినదానిలోనే వేయండి.

మూడవది చేబదులు. మీ నగలు కుదువపెట్టి రెండేళ్ళు దాటింది, ఆ తరువాత బంగారం ధర బాగా పెరిగింది. తిరగరాయించుకోవడానికి వెళ్ళినప్పుడు అదే బంగారం మీద అదనంగా ఎంత ఇస్తారో బ్యాంకువారిని అడగండి. 60,000 దాకా వస్తే దానిని అలాగే తీసుకువెళ్ళి చేబదులుకు జమ కట్టండి. 60,000కు మీరిప్పుడు నెలకు 1,200 వడ్డీ ఇస్తున్నారు. బ్యాంకులో మీరు చెప్పిన తొమ్మిది శాతం చొప్పున అది 450 అవుతుంది. ఆ 450ని నెలనెలా విడిగా తీసి ఉంచాలి, లేకపోతే నగలు వేలానికి వెళ్ళే ప్రమాదం ఉంటుంది. వచ్చినదానిలో ఒక్క రూపాయి కూడా ఇంటి ఖర్చుకు వాడకూడదు. ఒక అప్పును తక్కువ వడ్డీ ఉన్న చోటికి మార్చుతున్నాము, అంతే. డబ్బు ఇచ్చేటప్పుడు ప్రామిసరీ నోటు వెనుక చెల్లు రాయించి, తేదీతో సంతకం చేయించుకోవడం మరచిపోవద్దు. మన సంఘస్థులే కదా, మనవాళ్ళే కదా అని మొహమాటపడి చెల్లు రాయించుకోక, కట్టిన డబ్బు మళ్ళీ కట్టవలసివచ్చిన కుటుంబాలు నాకు తెలుసు. పూర్తిగా తీరిన రోజున నోటు వెనక్కు తీసుకోండి.

ఈ రెండు మార్పులతో నెలకు 2,800 తక్కువ పడే ఇల్లు సుమారు 250 మిగిలే ఇల్లు అవుతుంది. అది గొప్ప మిగులు కాదు, ఒక పిల్లవానికి జ్వరం వస్తే చాలదు. కాని లెక్క దిశ మారుతుంది. ఇక దశమభాగం దగ్గరకు వస్తున్నాను.

ఈ విషయంలో దైవజనుల మధ్యనే అభిప్రాయభేదాలు ఉన్నాయని మీకూ తెలుసు. దశమభాగం ధర్మశాస్త్రానికి ముందే అబ్రాహాము ఇచ్చినది కనుక నేటికీ వర్తిస్తుందని కొందరు బోధిస్తారు. క్రొత్త నిబంధన సంఘానికి శాతం నియమించలేదని, సణుగుకొనకుండా, బలవంతం లేకుండా ఎవడు హృదయంలో నిశ్చయించుకున్న ప్రకారం వాడు ఇవ్వాలన్న 2 కొరింథీ 9వ అధ్యాయమే ప్రమాణమని మరికొందరు అంటారు. నేను ఆ వాదంలోకి దిగను. ఇరుపక్షాలవారూ ఒప్పుకునే మాట ఒకటి అదే పత్రికలో, 8వ అధ్యాయం 12వ వచనంలో ఉంది: కానుక ప్రీతికరమయ్యేది ఒకనికి కలిగినదానిని బట్టే గాని, లేనిదానిని బట్టి కాదు. మీ లెక్కలో 3,800 మందిరానికి వెళుతున్నాయి, 2,800 కార్డు నుంచి ఇంటికి వస్తున్నాయి. అంటే ఆ కానుకలో ఎక్కువ భాగం మీది కాదు, నలభై రెండు శాతం వడ్డీకి బ్యాంకు ఇచ్చినది. మీ భర్త ఈ సంగతి ఎరిగి చేయడం లేదు. జీతం రాగానే మొదట దేవుని భాగం తీస్తున్నారు, అది మంచి అలవాటు. తరువాత నెలాఖరున ఏమి జరుగుతోందో ఆయన కంటికి కనబడడం లేదు.

బీద విధవరాలు తనకు కలిగినదంతా వేయలేదా అని ఆయన అడగవచ్చు. మార్కు 12వ అధ్యాయాన్ని రెండు వచనాలు ముందునుంచి చదవమని చెప్పండి. విధవరాండ్ర ఇళ్ళను దిగమ్రింగే శాస్త్రులను ప్రభువు గద్దించిన వెంటనే ఆ విధవరాలి సంగతి వస్తుంది. ఆమె వేసిన రెండు కాసులూ ఆమెవే, అప్పు తెచ్చినవి కావు. అప్పుల్లో మునిగిన విధవరాలి కథ వేరే ఉంది: 2 రాజులు 4వ అధ్యాయంలో అప్పులవాడు ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చినప్పుడు ఆమె ఎలీషా దగ్గరకు పరుగెత్తింది. నూనె విస్తరించిన తరువాత ప్రవక్త చెప్పిన మాట గమనించండి: నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నీవూ నీ పిల్లలూ బ్రదకండి. అద్భుతం జరిగిన ఇంట్లో కూడా మొదటి చెల్లింపు అప్పులవానికే. ప్రవక్త తనకు గాని, మందిరానికి గాని అందులోనుంచి భాగం అడగలేదు.

నేను కోశాధికారిగా ఉన్నప్పుడు ఒక ఆదివారం కానుక పెట్టెలో ఒక కవరు వచ్చింది. లోపల డబ్బుతో పాటు చిన్న చీటీ మీద స్తుతి మాటలు, పేరు ఉన్నాయి. ఆ తల్లి చెవిదుద్దులు తాకట్టు పెట్టి ఆ కృతజ్ఞతార్పణ తెచ్చారని కమిటీలో ఒకరికి తెలిసింది. అప్పటి కాపరిగారు ఆ సాయంత్రమే వారి ఇంటికి వెళ్ళి, ప్రార్థన చేసి, వంద రూపాయలు ఉంచుకుని మిగిలినది ఆమె చేతిలో పెట్టి, దుద్దులు విడిపించుకొమ్మని చెప్పి వచ్చారు. ఆ వంద రూపాయలకు రసీదు రాయించారు కూడా. కానుక అంటే ఏమిటో ఎన్ని ప్రసంగాలు విన్నా నాకు అంత స్పష్టంగా బోధపడలేదు.

మీ స్థానంలో నేనుంటే చీటీ ముగిసే ఆరు నెలలపాటు 1,900 చొప్పున సంఘానికి ఇచ్చి, మిగిలిన 1,900ను విడిగా ఒక ఖాతాలో వేస్తాను. అది ఆరు నెలలకు 11,400 అవుతుంది. ఏడవ నెలనుంచి చీటీకి కట్టే 2,500 మిగులుతుంది కనుక దశమభాగం మళ్ళీ పూర్తిగా ఇస్తూనే నెలకు 2,500 దాచుకోవచ్చు. ఈ సంగతిని కాపరిగారికి ముందే చెబితే మీ మనసు తేలికపడుతుంది, చాటుగా తగ్గించవద్దు. అయితే పదవ వంతుకు ఒక్క రూపాయి తగ్గినా మీ భర్త మనస్సాక్షి ఒప్పుకోకపోతే ఆయనను బలవంతపెట్టకండి. విశ్వాసమూలము కానిది పాపమని రోమా 14వ అధ్యాయం చెబుతోంది, అది ఇరువైపులా వర్తిస్తుంది. అప్పుడు పూర్తి భాగం ఇవ్వండి, కాని దానికి కావలసిన డబ్బు కార్డులోనుంచి కాక పెట్రోలు, ఫోను, బయటి తిండి వంటి మీ సొంత సుఖాలలోనుంచి రావాలి. ఈ ఒక్క షరతు మీద ఇద్దరూ ఏకీభవిస్తే ఎంత శాతం అన్న తగవు చాలావరకు దానంతటదే తీరుతుంది. మన పెద్దలు పొయ్యి మీద ఎసరు పెట్టేముందు కొలిచిన బియ్యంలోనుంచి గుప్పెడు తీసి కానుక డబ్బాలో వేసేవారు. వండుకునే బియ్యంలోనుంచే ఆ గుప్పెడు వచ్చేది, తిండి ఆ మేరకు తగ్గేది. దానికోసం పొరుగింటికి వెళ్ళి అప్పు తెచ్చేవారు కారు.

మందిర నిర్మాణానికి ఇచ్చిన మాట వేరు. మ్రొక్కుబడి చేసి చెల్లింపకపోవడంకంటే మ్రొక్కుకోకుండటమే మేలని ప్రసంగి 5వ అధ్యాయం చెబుతుంది కనుక దానిని ఎగవేయకూడదు, గడువు అడగవచ్చు. బండి వాయిదా, చేబదులు తీరిన తరువాత విడతలుగా ఇస్తామని కమిటీకి ఒక కాగితం రాసి ఇవ్వండి. సంఘాల్లో ఇలాంటి గడువులు ఇవ్వడం మామూలే, మిమ్మల్ని ఎవరూ చిన్నచూపు చూడరు.

అత్తగారి మందుల ఖర్చులో మాత్రం కోత పెట్టవద్దు. తల్లిదండ్రులకు ఇవ్వవలసినదానిని కొర్బాను, అంటే దేవార్పితం, అని చెప్పి తప్పించుకున్నవారిని ప్రభువు మార్కు 7వ అధ్యాయంలో ఎంత కఠినంగా గద్దించారో గుర్తుంచుకోండి. ఖర్చు తగ్గించే మార్గం వేరే ఉంది: బీపీ, షుగరు మాత్రలు ఊళ్ళోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు; అక్కడ దొరకనివి డాక్టరును అడిగి జన ఔషధి దుకాణంలో తీసుకోవచ్చు. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకంలో ఆమె పేరు ఉందో లేదో గ్రామ సచివాలయంలో అడిగి తెలుసుకోండి.

ఇక మరిదిగారి హామీ సంతకం. ఇక్కడ నా మాట కాస్త గట్టిగా ఉంటే మన్నించండి. హామీ అంటే పూచీ చెప్పడమేనని, అసలు బాధ్యత అప్పు తీసుకున్నవానిదేనని చాలామంది అనుకుంటారు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరే షరతు రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అప్పుదారు బాధ్యతతో సమానం. ఆటో వాయిదాలు ఆగితే ఫైనాన్సువారు ముందు మీ మరిదిని అడిగి, ఆయన దగ్గర లేదని తేలాకనే మీ భర్త దగ్గరకు రావాలన్న నియమం లేదు, నేరుగా రావచ్చు. సంతకం పెట్టిన అప్పు మీ భర్త రుణచరిత్రలో కూడా కనబడుతుంది. చెల్లించడానికి నీ దగ్గర ఏమీ లేకపోతే నీ కిందనుంచి నీ పరుపు తీసుకుపోనేల అని సామెతలు 22వ అధ్యాయం అడుగుతుంది. 6వ అధ్యాయం అయితే ఇప్పటికే మాట ఇచ్చి చిక్కుకున్నవాడు నిద్రపోకుండా వెళ్ళి బతిమాలుకొని విడిపించుకోవాలంటుంది. నాలుగు అప్పులున్న మనిషి ఐదవ అప్పుకు పూచీ ఉండడం తమ్ముని మీద ప్రేమ అనిపించవచ్చు, కాని ఆ పూచీ నిలబెట్టుకునే శక్తి తనకు లేదని తెలిసి పెట్టే సంతకం సత్యమైన మాట కాదు.

కాదని చెప్పి ఊరుకుంటే అన్నదమ్ముల మధ్య మనస్పర్థ మిగులుతుంది. అందుకని మీ భర్తే స్వయంగా వెళ్ళి, ఫోనులో కాకుండా ఎదురుగా కూర్చుని, ఈ లెక్క కాగితం చూపించి చెప్పడం మంచిది. మరిది కొత్త ఆటోకు బదులు కొంతకాలం అద్దెకు తీసుకుని నడిపి, రోజుకు ఎంత మిగులుతుందో చూసుకుని, ముందు చెల్లించవలసిన మొత్తాన్ని పోగుచేసుకోవచ్చు. కార్డు తీరిన తరువాత మీ శక్తికొద్దీ రెండు మూడు వేలు ఇవ్వగలిగితే, తిరిగి వస్తుందని ఎదురుచూడకుండా, ఇచ్చివేయండి. అన్నగా ఆయన చేయగలిగిన సాయం అది. మరిదికి మరొక హెచ్చరిక కూడా అవసరం: ఫైనాన్సు దొరకలేదని రోజువారీ వడ్డీవారి దగ్గరకు వెళ్ళనివ్వకండి. చేతికి తొమ్మిది వేలు ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు పదివేలు కట్టించుకుంటారు. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. రోజురోజుకూ అసలు తగ్గుతూ ఉంటుంది కనుక లెక్కవేస్తే అది ఏడాదికి 75 శాతం పైమాటే.

పొదుపు అవిశ్వాసమా అన్న ప్రశ్నకు మన్నా సంగతిలో మంచి సమాధానం ఉందని నాకు అనిపిస్తుంది. నిర్గమకాండం 16వ అధ్యాయంలో మాట వినక మరుసటి ఉదయానికి దాచుకున్న మన్నా పురుగుపట్టి కంపుకొట్టింది. ఆరవ దినాన విశ్రాంతి దినంకోసం దాచమని దేవుడే చెప్పగా దాచిన మన్నా చెడిపోలేదు. దాచిన పదార్థం ఒకటే, దాచిన రాత్రి నిడివి ఒకటే. ఇక ముందు దేవుడు ఇవ్వడేమోనన్న భయంతో దాచినదానికీ, రాబోయే అవసరాన్ని ఆయనే చూపించగా విధేయతతో దాచినదానికీ ఉన్న తేడా అది. యోసేపు ఏడు సమృద్ధి సంవత్సరాల్లో పంటలో ఐదవ వంతు నిలవ చేయించాడు; అది అవిశ్వాసం అయితే ఐగుప్తుతో పాటు యాకోబు ఇంటివారు కూడా ఆకలితో పోయేవారు. లూకా 12వ అధ్యాయంలోని ధనవంతుని తప్పు కొట్లు కట్టడం కాదు, తినుము త్రాగుము అని తన ప్రాణంతో మాత్రమే మాట్లాడుకోవడం, దేవునియెడల ధనవంతుడు కాకపోవడం.

మన ఊళ్ళో ఈ పాఠం ఎవరికీ కొత్త కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. ఫిషింగ్ హార్బరులో బోట్లు కట్టేసి ఉండే ఆ 61 రోజులకు ముందుగా నాలుగు రాళ్ళు వెనకేసుకున్న మత్స్యకార కుటుంబం వేసవిని నెట్టుకొస్తుంది, లేనివారు వడ్డీలవారి గుమ్మం ఎక్కుతారు. నిషేధం ఎప్పుడు వస్తుందో తెలిసి కూడా దాచుకోకపోవడాన్ని ఎవరూ విశ్వాసం అనరు. మీ భర్త ఉద్యోగం చేసే సెజ్ కంపెనీల్లో ఆర్డర్లు తగ్గి షిఫ్టులు తగ్గించే నెలలు వస్తాయి. మీ పాఠశాలలో వేసవి జీతం ఇవ్వరని మీరే రాశారు. మీ ఇంటి వేట నిషేధం కూడా తేదీలతో సహా మీకు తెలిసినదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన తరువాత రోజుల తరబడి కరెంటు లేక, ఏటీఎంలు పనిచేయక, ఖాతాలో డబ్బున్నవారు కూడా పాలకు, మంచినీళ్ళకు చిల్లర నోట్లు వెతుక్కోవలసి వచ్చింది. కనుక దాచినదానిలో కొద్దిగా, రెండు మూడు వేలు, ఇంట్లో బీరువాలో నగదుగా ఉంచడం మంచిది.

బీమా సంగతి క్లుప్తంగా చెబుతాను. తన స్వకీయులను, విశేషంగా తన ఇంటివారిని సంరక్షించనివాడు విశ్వాసత్యాగం చేసినవాడని 1 తిమోతి 5వ అధ్యాయం చెబుతుంది. తాను లేని రోజున కూడా ఇంటివారు వీధిన పడకుండా చూడడం ఆ సంరక్షణలో భాగమే. మీ బ్యాంకులోనే ఏడాదికి 436 రూపాయలకు ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలకు సురక్షా బీమా తీసుకోవచ్చు. మొదటిది 18 నుంచి 50 ఏళ్ళ మధ్యవారు చేరగలిగేది, ఏ కారణంతో మరణించినా 2 లక్షలు వస్తాయి, రెండవది ప్రమాదాలకు. మీ ఇద్దరికీ కలిపి ఏడాదికి 912 రూపాయలు. దీనికంటే ముఖ్యం, మీ భర్త పీఎఫ్ ఖాతాలో నామినీగా ఎవరి పేరు ఉందో చూడండి. పీఎఫ్ సభ్యుడు ఉద్యోగంలో ఉండగా మరణిస్తే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల వరకు బీమా వస్తుంది. పెళ్ళికి ముందు ఇచ్చిన నామినేషన్ పెళ్ళి తరువాత చెల్లదు, కొత్తగా ఇవ్వాలి. ఆన్‌లైన్లో అది ఒక పూట పని.

ఇవన్నీ రాసుకోవడానికి ఒక పొడుగు నోటుపుస్తకం చాలు. ప్రతి ఆదివారం ఆరాధన నుంచి వచ్చి భోజనం చేశాక ఇద్దరూ కూర్చుని, ఆ వారం ఫోనులో పోయినవి, నగదుగా పోయినవి తేదీలవారీగా రాయండి. ఇప్పుడు పది రూపాయల కొత్తిమీరకు కూడా ఫోనుతోనే చెల్లిస్తున్నాము కనుక చెల్లింపుల చరిత్ర తీస్తే వారమంతా అక్కడే ఉంటుంది. రాసేముందు ప్రార్థన చేయండి, రాసేటప్పుడు ఎందుకు ఖర్చుపెట్టారని ఒకరినొకరు నిలదీయకండి. మొదటి నెల రాయడం మాత్రమే చేసి, తగ్గించుకోవడం రెండవ నెలలో మొదలుపెట్టండి. మొదటిరోజే తప్పులు వెతికితే రెండవ ఆదివారం ఆ పుస్తకం బయటకు రాదు. క్రిస్మసుకు బట్టలు, కేకు, స్టారు, కేరల్స్‌కు వచ్చినవారికి ఇచ్చే కానుకలు కలిపి ఎంత అవుతుందో పోయిన ఏటి అనుభవాన్ని బట్టి వేసుకుని, దానిని పన్నెండు భాగాలు చేసి జనవరి నుంచే తీసి ఉంచండి. మీ కార్డు బాకీ మొదలైనది కూడా ఒక డిసెంబరులోనే అని మీ ఉత్తరం చెబుతోంది.

బండి వాయిదా ముగిశాక ఆ 3,200ను మిగిలిన 40,000 చేబదులుకు మళ్ళించండి. వడ్డీకి ఇప్పుడు ఇచ్చే 800తో కలిపి నెలకు 4,000 చొప్పున కడితే ఏడాదిలోపు అది తీరుతుంది. విడతలుగా తీసుకోవడానికి వారు ఒప్పుకోకపోతే, ఆ సొమ్మును బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌గా వేసి ఒకేసారి ఇవ్వండి.

చివరగా, మీరు అడగని సంగతి ఒకటి. పాపకు వచ్చే మార్చికి పదేళ్ళు నిండుతాయని రాశారు. సుకన్య సమృద్ధి ఖాతా పదేళ్ళు నిండకముందే తెరవాలి, ఆ తరువాత తెరవనివ్వరు. 2024 జనవరిలో దాని వడ్డీని 8.2 శాతానికి పెంచారు. మూడు నెలలకోసారి ప్రభుత్వం ఆ రేటును ప్రకటిస్తుంది. ఏడాదికి కనీసం 250 రూపాయలు వేస్తే ఖాతా నిలుస్తుంది కనుక మీ అప్పులు తీరేదాకా ఆగనవసరం లేదు. పాప జనన ధ్రువపత్రం, మీ ఆధార్, పాన్ కార్డులు, ఫోటోలు తీసుకుని ఈ నెలలోనే పోస్టాఫీసుకు వెళ్ళండి. మీ భర్తకు పగలు సెలవు ఉన్న షిఫ్టు చూసుకుని ఇద్దరూ కలిసి వెళితే మరీ మంచిది.